మిడ్ సెంచురీ గాజు సామాను

ఇరవయ్యో శతాబ్దం నడిమి పాతికేళ్లలో, అంటే దాదాపు 1945 నుంచి 1970 దాకా, అమెరికా, ఐరోపా ఇళ్లలో భోజనాల బల్ల మీదికీ పార్టీలకు వచ్చిన అతిథుల చేతుల్లోకీ చేరిన గాజు పాత్రలను పాత వస్తువుల బజారులో మిడ్ సెంచురీ గ్లాస్‌వేర్ అంటారు. బంగారు ఆకుల హైబాల్ గ్లాసులు, లేత ఆకుపచ్చ కప్పులు, ఐస్ బకెట్లు, పంచ్ బౌళ్లు, మద్యం పోసి పెట్టుకునే మెడ వంగిన డికాంటర్లు, మంచు కరిగి కారుతున్నట్టుండే ఫిన్లండ్ గ్లాసులు అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. వీటిలో కొన్ని మ్యూజియం అల్మారాల్లో ఉన్నాయి, కొన్ని జెల్లీ కొన్నవారికి ఊరికే వచ్చాయి. ఒకే ఇంట్లో ఒకే అరలో ఈ రెండు రకాలూ పక్కపక్కన ఉండటం ఆ కాలానికే చెల్లింది.

ఈ సామాను చరిత్రను సాధారణంగా డిజైనర్ల పేర్లతో చెబుతారు. ఆ పేర్లు ముఖ్యమైనవే. కానీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఎందుకు ఇమిడాయి, పళ్లెంలో కప్పుకు గాడి ఎందుకు వచ్చింది, ఎనిమిది గ్లాసులను ఒక్క చేత్తో మోసే తీగ బుట్ట ఎందుకు పుట్టింది అని అడిగితే డిజైనర్ల జీవిత చరిత్రల్లో జవాబు దొరకదు. వడ్డించే పనివాళ్లు ఇంట్లో లేకపోవడమే జవాబు. వంట చేసేదీ, వడ్డించేదీ, అతిథులతో కూర్చుని కబుర్లు చెప్పేదీ, వాళ్లు వెళ్లాక గ్లాసులు కడిగేదీ ఒకే మనిషి అయినప్పుడు ఆమెకు కావలసిన గాజు వేరు.

పూర్వరంగం

అంతకు ముందు సంపన్నుల బల్ల మీద గాజు అంటే చెక్కుడు పని చేసిన బరువైన క్రిస్టల్. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బొహీమియా, వెనిస్, ఫ్రాన్స్, ఐర్లండ్‌ల గాజు చూసినవారికి ఆ వైభవం తెలుసు. ఆ తరహా విందులో నీళ్లకు ఒక గ్లాసు, ఎర్ర వైన్‌కు ఒకటి, తెల్ల వైన్‌కు ఒకటి, షాంపేన్‌కు ఒకటి, చివర పుచ్చుకునే తియ్యని లిక్కర్‌కు చిట్టి గ్లాసు ఒకటి. వాటిని వరసగా అమర్చడానికీ, నింపడానికీ, తీసి కడిగి తుడవడానికీ నౌకర్లుండేవారు కాబట్టి గ్లాసు ఎంత పెళుసైనా, పాదం ఎంత సన్ననిదైనా ఇంటి యజమానికి పట్టింపు లేదు.

1929 ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికన్ ఫ్యాక్టరీలు దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్న సరుకు చేశాయి. గులాబి, ఆకుపచ్చ, తేనె రంగుల్లో అచ్చు పోసిన చవక గాజు అది. ఓట్స్ డబ్బాల్లో పెట్టీ, సినిమా టికెట్టుతో పాటూ ఊరికే ఇచ్చారు. నేటి సేకర్తలు దాన్ని డిప్రెషన్ గ్లాస్ అంటారు. 1933 డిసెంబరులో మద్యనిషేధం ఎత్తివేశాక కాక్‌టెయిల్ షేకర్లు, బార్ గ్లాసులు బాహాటంగా దుకాణాలకెక్కాయి. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఇళ్లలో పనిచేసే స్త్రీలను ఫ్యాక్టరీల్లోకి లాగింది. యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామంది మళ్లీ ఇళ్ల పనిలో చేరలేదు. ఊరి చివర కొత్త ఇళ్లు లేచాయి, కొత్త పెళ్లిళ్లు జరిగాయి, ఆ పెళ్లిళ్లకు కానుకలు కావలసి వచ్చాయి. గాజు ఫ్యాక్టరీలకు ఇంతకన్నా మంచి రోజులు మళ్లీ రాలేదు.

నిలబడి తినే విందు

1950లో పారిశ్రామిక డిజైనర్ రసెల్ రైట్, ఆయన భార్య మేరీ కలిసి ‘గైడ్ టు ఈజియర్ లివింగ్’ అనే పుస్తకం వేశారు. పనివాళ్లు లేని ఇంట్లో పాతకాలపు మర్యాదలు పాటించబోతే గృహిణి నలిగిపోతుందని, బఫేలు పెట్టి అతిథుల చేతనే వడ్డన చేయించుకోవాలని అందులో వాదించారు. ఈ మాట ఇప్పుడు మనకు మామూలుగా తోస్తుంది. పెళ్లిలో బంతి భోజనం పోయి బఫే వచ్చినప్పుడు మన పెద్దలు ఎంత గొణిగారో గుర్తుంటే, ఆ రోజుల్లో అది ఎంత తెగువో అర్థమవుతుంది.

బఫే వచ్చాక గాజు ఆకారం ఎలా మారిందో చూడాలంటే స్నాక్ సెట్టును చేతిలోకి తీసుకోవాలి. అది పూలో ఆకులో అచ్చు పడిన చిన్న పళ్లెం. నడుమ కాకుండా ఒక పక్కకు జరిగి గుండ్రటి గాడి ఉంటుంది, దాని చుట్టూ సన్నటి గట్టు. కప్పు అడుగు ఆ గాడిలో సరిగ్గా కూర్చుంటుంది, పళ్లెం కాస్త వంగినా జారదు. మిగిలిన చోట ఒక శాండ్‌విచ్, రెండు బిస్కట్లు, కేకు ముక్క పడతాయి. ఎడమచేతిలో పళ్లెం, కప్పు రెండూ ఉంటాయి కాబట్టి కుడిచెయ్యి తినడానికీ కరచాలనానికీ ఖాళీ. కుర్చీ ఉంటే సరి, లేకపోయినా ఇబ్బంది లేదు. ఫెడరల్, హేజెల్ అట్లాస్, యాంకర్ హాకింగ్, ఇండియానా వంటి కంపెనీలన్నీ వీటిని చేశాయి. నాలుగు పళ్లేలు, నాలుగు కప్పులు ఒక అట్టపెట్టెలో వచ్చేవి. పెళ్లి కానుకగా వచ్చి పెట్టె విప్పకుండానే అటక ఎక్కిన సెట్లు ఇప్పటికీ అదే పెట్టెతో దొరుకుతుంటాయి.

చిప్ అండ్ డిప్ సెట్టుదీ ఇదే లెక్క. పెద్ద బౌల్‌లో బంగాళాదుంప చిప్స్, దాని అంచుకు లోహపు కొక్కెంతో తగిలించిన చిన్న బౌల్‌లో డిప్. సోర్ క్రీములో ప్యాకెట్టు ఉల్లి సూపు పొడి కలిపితే డిప్ తయారు. 1950ల అమెరికాలో ఆ వంటకం ఇంటింటికీ పాకింది. పంచ్ బౌల్ వెంట సాధారణంగా 12 కప్పులు వచ్చేవి, కొన్నిటికి వాటిని బౌల్ అంచునే వేలాడదీసే కొక్కేలు కూడా ఉండేవి. ఒకసారి పంచ్ కలిపి పెడితే ఇంటావిడ మళ్లీ వంటింటి వైపు చూడనక్కర్లేదు. ఆరో ఎనిమిదో గ్లాసులను ఇత్తడి రంగు తీగ బుట్టలో పెట్టి పెరట్లోకి మోసుకుపోవడానికి క్యాడీ, చక్రాల మీద దొర్లే బార్ కార్టు, తిరిగే పళ్లెం అన్నీ పనిమనిషి చేసే పనిని తలా కొంచెం పంచుకున్నవే.

గ్లాసుల రకాలు కూడా తగ్గాయి. పొడుగాటి హైబాల్, పొట్టి ఓల్డ్ ఫ్యాషన్డ్, పళ్లరసానికి చిన్నది ఉంటే మామూలు ఇంటికి సరిపోయేది. కాస్త ఉన్నవాళ్లు మార్టినీ గ్లాసులు, కూప్‌లు జత చేసుకునేవారు. కూప్ అంటే షాంపేన్ పోసే, నోరు వెడల్పుగా ఉండే పాదపు గ్లాసు. అందులో బుడగలు త్వరగా పోతాయని వైన్ రుచి తెలిసినవారు విసుక్కున్నా, ఆ కాలపు పెళ్లి ఫొటోల్లో అది లేనిదే ముచ్చట లేదు. పాత మార్టినీ గ్లాసు కొన్నవారు మొదట ఆశ్చర్యపోయేది దాని చిన్నతనం చూసి. 100 మిల్లీలీటర్ల చుట్టుపక్కల పట్టేవే ఎక్కువ. ఈనాటి బార్లలో ఇచ్చే గ్లాసు దానికి రెట్టింపు. చిన్న గ్లాసులో పానీయం వేడెక్కేలోపే అయిపోతుంది. ఈ విషయంలో పాతవాళ్లదే తెలివి.

ఫ్యాక్టరీలో ఏం జరిగింది

ఈ సామానులో అధిక భాగం సోడా లైమ్ గాజే. ఇసుక నుంచి వచ్చే సిలికా సుమారు 70 శాతం పైన, మిగతా దాంట్లో ముఖ్యంగా సోడా, సున్నం. కరిగిన గాజు ముద్దను ఇనుప అచ్చులో వేసి పైనుంచి ఒత్తడం ఒక పద్ధతి, యంత్రమే గాలి ఊది గ్లాసు చేయడం ఇంకొకటి. ఒత్తిన గాజు దళసరిగా ఉంటుంది, అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. ఊదిన గ్లాసు పలచన, నునుపు.

గ్లాసు మొదట చెడేది అంచు దగ్గరే. ఒహాయో రాష్ట్రంలోని టోలిడోలో ఉన్న లిబ్బీ కంపెనీ సేఫెడ్జ్ పేరుతో చెక్కుకుపోని అంచుకు హామీ ఇచ్చి దాన్నే పెద్దగా ప్రచారం చేసుకుంది. మన వైపు ఇది అంత ఆకట్టుకునే ప్రకటన అయ్యుండేది కాదు. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగే ఇళ్లలో అంచు నాణ్యత ఎవరు చూస్తారు!

గట్టిదనం తెచ్చిన అసలు కిటుకు టెంపరింగ్. తయారైన పాత్రను మళ్లీ 600 డిగ్రీల సెల్సియస్ దాటించి, చల్లటి గాలి ధారలతో ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లబడుతూ పైపొరను లోనికి లాగి బిగిస్తుంది. ఆ బిగువు వల్ల చిన్న దెబ్బకు పగులు పుట్టదు. పుట్టిందా, గ్లాసంతా ఒకేసారి చిన్న పలుకులై రాలుతుంది.

బంగారు ఆకులు

అమెరికన్ మిడ్ సెంచురీ గ్లాసు అనగానే సేకర్తల కళ్లముందు మెదిలేది బంగారు బొమ్మ. సాదా గ్లాసు మీద పట్టు తెర ద్వారా గాజు రంగును అద్ది, కొలిమిలో కాలిస్తే రంగు గాజుకు అతుక్కుపోతుంది. బంగారానికి ద్రవరూపంలోని 22 క్యారెట్ల పూత వాడేవారు. లిబ్బీ వారి గోల్డెన్ ఫోలియేజ్ నమూనా వీటిలో అందరికీ తెలిసినది. గ్లాసు చుట్టూ పాలమీగడలాంటి మసక పట్టీ, దాని మీద రకరకాల బంగారు ఆకులు. వేలితో తడిమితే మసక పట్టీ గరుకుగా, ఆకులు నున్నగా తగులుతాయి. బాగా వాడిన గ్లాసులో బొటనవేలు ఆనే చోట ఆకు ఈనె ముందు చెరిగిపోయి ఉంటుంది. అలాంటి గ్లాసుకు బజారులో ధర రాదు. వాడుకున్నవాళ్లకు మాత్రం అది పనికొచ్చిన గ్లాసని తెలుస్తుంది.

1940ల నుంచి లిబ్బీకి సలహాదారుగా పనిచేసిన న్యూయార్క్ డిజైనర్ ఫ్రీడా డైమండ్ అసలు జనం ఏం కొంటారో, ఎందుకు కొంటారో తెలుసుకుని గీసేది. లైఫ్ పత్రిక 1954లో ఆమెను అందరి డిజైనర్ అని పొగిడింది. చవక దుకాణంలో అమ్మే గ్లాసుకు కూడా మంచి రూపం ఉండాలనే పట్టుదల ఆమెది. అదే రోజుల్లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, షికాగోలోని మర్చండైజ్ మార్ట్ అనే టోకు బజారుతో కలిసి 1950 నుంచి 1955 దాకా గుడ్ డిజైన్ ప్రదర్శనలు పెట్టి, దుకాణాల్లో దొరికే సామానులోంచే మంచివాటిని ఎంచి చూపింది. పశ్చిమ వర్జీనియాలోని బ్లెంకో కంపెనీకి విన్స్‌లో ఆండర్సన్ గీసిన మెడ వంగిన డికాంటర్‌కు గుర్తింపు ఆ దారిలోనే వచ్చింది. నోటితో ఊది చేసే బ్లెంకో గాజు ముదురు రంగుల్లో, నిలువెత్తు మూతలతో ఉంటుంది.

గ్లాసు ఒకరిది, బొమ్మ ఒకరిది కావడం ఈ వ్యాపారంలో మామూలు. బ్రూక్లిన్‌లోని కల్వర్ కంపెనీ దళసరి బంగారు గడులతో వలెన్సియా నమూనా చేసింది. జార్జెస్ బ్రియార్ పేరుతో బంగారు సంతకం పెట్టిన మనిషి అసలు పేరు జాషా బ్రోయ్‌డో. యుక్రెయిన్‌లో పుట్టి అమెరికా చేరిన చిత్రకారుడు, వ్యాపార సామానుకు ఫ్రెంచి వాసన కొట్టే పేరు తగిలించుకున్నాడు. కాలిఫోర్నియాలోని డొరతీ థార్ప్ కూడా ఇతరులు చేసిన సాదా గ్లాసులు కొని అలంకరించి అమ్మింది. అంచుకు వెడల్పాటి వెండి పట్టీ ఉన్న గుండ్రటి గ్లాసులకు ‘మ్యాడ్ మెన్’ టీవీ ధారావాహిక (2007–2015) వచ్చాక గిరాకీ పెరిగింది. అప్పటి నుంచి వెండి పట్టీ కనబడితే చాలు, అమ్మేవాళ్లు థార్ప్ పేరు చెప్పేస్తున్నారు. నిజానికి అలాంటివి వేరే కంపెనీలూ చేశాయి. చాలావాటి మీద చిన్న కాగితపు చీటీ తప్ప ఏ గుర్తూ ఉండేది కాదు, అది మొదటి కడుగుడుకే పోయేది. గుర్తు లేని గ్లాసుకు పెద్ద పేరు చెబితే అనుమానించడమే మంచిది.

ఇక ఊరికే వచ్చిన గ్లాసులు వేరే లోకం. క్రాఫ్ట్ కంపెనీ జున్ను ముద్దను 1933 నుంచి పూల బొమ్మల చిన్న గ్లాసుల్లో నింపి అమ్మింది, వాటికి స్వాంకీ స్విగ్స్ అని పేరు. వెల్చ్ జెల్లీ వారు 1950లలో హౌడీ డూడీ, 1960లలో ఫ్లింట్‌స్టోన్స్ అనే టీవీ కార్యక్రమాల బొమ్మలు వేశారు. జెల్లీ అయిపోగానే పిల్లలకు పాల గ్లాసు దొరికేది.

పాలరంగు గాజు: పైరెక్స్, ఫైర్ కింగ్

న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కంపెనీ రైలు సిగ్నల్ దీపాలకూ బ్యాటరీ జాడీలకూ వేడికి పగలని బోరోసిలికేట్ గాజు చేసేది. మామూలు గాజుతో పోలిస్తే అది వేడికి మూడోవంతే వ్యాకోచిస్తుంది. అక్కడి శాస్త్రవేత్త జెస్సీ లిటిల్‌టన్ 1913లో ఒక జాడీ అడుగు కోసి ఇంటికి తెస్తే, ఆయన భార్య బెస్సీ అందులో కేకు కాల్చింది. 1915లో పైరెక్స్ బజారుకొచ్చింది. మిడ్ సెంచురీ సేకర్తలు వెంటపడేది మాత్రం ఆ పారదర్శక పైరెక్స్ కాదు, 1945లో వచ్చిన రంగుల గిన్నెలు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెలు, పెద్దది పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, అన్నిటికన్నా చిన్నది నీలం. ఇవి పైరెక్సే అయినా బోరోసిలికేట్ కాదు, టెంపర్ చేసిన తెల్లని సోడా లైమ్ గాజు, బయట రంగు పూత. పిండి కలిపిన గిన్నెనే బల్ల మీద పెట్టినా చూడముచ్చటగా ఉండటం వీటి గొప్ప. గిన్నె మార్చనక్కర్లేదు, కడగాల్సింది ఒకటి తగ్గింది. 1957 నాటి సిండరెల్లా గిన్నెలకు రెండు వైపులా పిడులుగా పట్టుకోవడానికీ, జావ ఒంపుకోవడానికీ పనికొచ్చే ముక్కులున్నాయి. బటర్‌ప్రింట్ నమూనాలో రైతు దంపతులు, కోడిపుంజు, మొక్కజొన్న కంకులు కనిపిస్తాయి.

యాంకర్ హాకింగ్ వారి ఫైర్ కింగ్ 1942లో మొదలైంది. అందులో జేడైట్ అనే లేత ఆకుపచ్చ పాలరంగు సరుకు యుద్ధం ముగిసేనాటికి వచ్చి 1970ల దాకా నడిచింది. హోటళ్ల కోసం చేసిన జేడైట్ కప్పు దళసరి గోడలతో బరువుగా ఉంటుంది, కాఫీ వేడి నిలుపుతుంది. అప్పట్లో ఇది ఎవరూ దాచుకోని చవక సరుకు. 1990లలో గృహాలంకరణకు పేరుపడ్డ మార్తా స్టూవర్ట్ తన పత్రికలోనూ టీవీలోనూ చూపించడంతో ధరలు ఎగిరాయి, వెంటనే కొత్త నకళ్లూ పుట్టాయి.

ఫిన్లండ్

అమెరికా గాజు మీద బొమ్మ వేసింది. ఫిన్లండ్ ఆ బొమ్మ తీసేసి గాజునే చూడమంది. దీనికి పునాది యుద్ధానికి ముందే పడింది. 1932లో కార్హులా ఇట్టాలా గాజు కంపెనీ పెట్టిన పోటీకి ఐనో ఆల్టో పంపిన ఒత్తుడు గ్లాసులకు చుట్టూ మెట్లు మెట్లుగా వలయాలుంటాయి. నీటిలో రాయి వేస్తే లేచే అలల్లాంటి ఆ వలయాలు అందానికే కాదు, చవక ఒత్తుడు గాజులోని లోపాలను కప్పడానికీ, చేతికి పట్టు ఇవ్వడానికీ పనికొచ్చాయి. 1936లో మిలాన్ ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో వాటికి బంగారు పతకం వచ్చింది.

యుద్ధానంతర ఫిన్లండ్‌లో ఇళ్లు చిన్నవి, అల్మారాలు ఇంకా చిన్నవి. 1793లో పుట్టిన నూతాయార్వి గాజు కర్మాగారానికి 1950 నుంచి కళా దర్శకుడైన కాయ్ ఫ్రాంక్, డజన్ల లెక్కన అమ్మే విందు సెట్లకు బద్ధవిరోధి. కావలసిన ముక్కే విడిగా కొనుక్కోవాలి, అది ఒక పనికి కాక నాలుగు పనులకు రావాలి అనేవాడు. పింగాణీలో 1953 నాటి కిల్టా, గాజులో 1958 నాటి కార్తియో గ్లాసు ఆ వాదనకు రుజువులు. కార్తియోలో పువ్వు లేదు, గీత లేదు, పాదం లేదు. కింద కాస్త సన్నగా, పైన కాస్త వెడల్పుగా ఉండే రూపం, గాజులోనే కలిసిన రంగు, అంతే. అమెరికాలో రైట్ దంపతులు పుస్తకం రాసి చెప్పింది ఫ్రాంక్ గ్లాసు చేసి చూపాడు. ఈ వ్యాసకర్త లెక్కలో ఆ పాతికేళ్లలో పుట్టిన బల్ల సామానులో కార్తియోకే మొదటి పీట.

ఇట్టాలాలో తాపియో విర్కాలా, తిమో సార్పనేవా పోటాపోటీగా పనిచేశారు. 1951 మిలాన్ ట్రియెన్నాలేలో విర్కాలా ఏకంగా మూడు గ్రాండ్ ప్రీలు, అంటే అత్యున్నత బహుమతులు, గెలిచాడు. సార్పనేవా 1956లో i వరస సామానుకు గీసిన ఎర్ర వృత్తంలోని తెల్ల అక్షరమే తర్వాత కంపెనీ చిహ్నమైంది. విర్కాలా ల్యాప్‌లండ్‌లో కరిగే మంచును చూసి చేసిన అల్టిమా థూలే గ్లాసు ఈ కాలం చివరిది. దాని ఒంటి మీద జారే నీటి చారల్లాంటి గరుకుదనం కోసం గ్రాఫైట్ అచ్చును తానే చెక్కాడు. 1969లో ఫిన్‌ఎయిర్ న్యూయార్క్‌కు విమానాలు మొదలుపెట్టినప్పుడు ప్రయాణికులకు పానీయాలిచ్చింది ఈ గ్లాసుల్లోనే.

ఓయివా తోయిక్కా 1964లో చేసిన కాస్తేహెల్మి పళ్లెం చూడండి. వలయాలు వలయాలుగా పేర్చిన మంచు బిందువులు. ఒత్తుడు పనిలో అచ్చు అతుకు గీతలు ఎలాగూ పడతాయి, వాటిని బిందువుల మధ్య కలిపేయాలన్న ఆలోచన నుంచి ఆ నమూనా పుట్టింది. ఐనో ఆల్టో వలయాలు చేసిన పనే ఇదీ. చవక పద్ధతి లోపాన్ని దాచడానికి అమెరికా బంగారు పూత వేస్తే, ఫిన్లండ్ ఆ లోపం చుట్టూ రూపాన్ని అల్లింది.

మిగతా దేశాలు

ఫ్రాన్స్‌లో ఓర్లియాన్ దగ్గర లా షాపెల్ సాఁ మెస్మాఁలోని ఫ్యాక్టరీ నుంచి 1945లో డ్యూరలెక్స్ పేరు వచ్చింది, 1954లో పికార్డీ గ్లాసు. టెంపర్ చేసిన ఈ గ్లాసు బడి క్యాంటీన్ల నుంచి కేఫ్‌ల దాకా అంతటా ఉంది. గ్లాసు అడుగున అచ్చు సంఖ్య ఉంటుంది. ఫ్రెంచి పిల్లలు తరతరాలుగా భోజనం బల్ల దగ్గర గ్లాసు తిరగేసి ఆ సంఖ్యే తమ వయసని ఆడుకుంటారు, ఎక్కువో తక్కువో వచ్చినవాడు నీళ్ల కూజా నింపి తేవాలి. 2024లో కంపెనీ దివాలా అంచుకు వస్తే కార్మికులే సహకార సంఘంగా ఏర్పడి దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు.

సోవియట్ యూనియన్‌లో డ్యూరలెక్స్ చేసిన పనే చేసింది పలకల గ్లాసు. 1943లో గూస్ హ్రుస్తాల్నీలో తయారీ మొదలైందని, శిల్పి వేరా ముహినా గీసిందని చెబుతారు. ముహినా పేరుకు గట్టి ఆధారం లేదు. వీధుల్లోని సోడా యంత్రాల్లో ఒకే గ్లాసు ఉండేది, తాగినవాళ్లు దాన్ని కడిగి బోర్లించి పోయేవారు.

స్వీడన్‌లో ఓరెఫోర్స్‌కు నిల్స్ లాండ్‌బర్గ్ గీసిన 1957 నాటి టులిప్ గ్లాసు వాడటానికి కాదు, చూడటానికే. పాదం నుంచి అంచు దాకా ఒకే గాజు సాగదీత. డెన్మార్క్ హోల్మెగార్డ్‌లో పెర్ లుట్కెన్ దశాబ్దాల పాటు పనిచేశాడు. ఇటలీ మురానో సామానుకు పేరెక్కువ, బల్ల మీద వాడకం తక్కువ. టస్కనీలోని ఎంపోలి వారి పొడుగు మూతల రంగు డికాంటర్లే అమెరికన్ డ్రాయింగు రూముల్లోకి విరివిగా చేరాయి. చెకొస్లొవేకియా కర్మాగారాలు యుద్ధం తర్వాత ప్రభుత్వపరమై ఒత్తుడు గాజులో చక్కటి ప్రయోగాలు చేశాయి. బ్రిటన్‌లో 1967లో డెవన్‌లో డార్టింగ్టన్ కంపెనీ మొదలై ఫ్రాంక్ త్రోవర్ గీసిన గ్లాసులు అమ్మింది.

భారతదేశంలో ఆ కాలపు గాజు సామానుకు పేరు తెచ్చినవి వడోదరలోని అలెంబిక్ వారి యెరా, 1962లో కార్నింగ్ సహకారంతో మొదలైన బోరోసిల్. తెలుగు ఇళ్లలో ఇత్తడి, తర్వాత స్టీలు గట్టిగా పాతుకుపోయి ఉండటంతో గాజు గ్లాసు టీ కొట్టు దగ్గరే ఆగిపోయింది. కార్నింగ్ 1970లో తెచ్చిన కోరెల్ పళ్లేలు మాత్రం అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో చీరల మధ్య సర్దుకుని మన ఇళ్లకు చేరాయి.

గుర్తుపట్టడం, వాడటం

కొనేవారు ముందు గ్లాసు తిరగేయాలి. యాంకర్ హాకింగ్‌కు లంగరు, లిబ్బీకి వాలుగా రాసిన ఎల్, ఫెడరల్‌కు డాలు లోపల ఎఫ్, హేజెల్ అట్లాస్‌కు హెచ్ కింద ఏ. నిజంగా పాత గ్లాసయితే అడుగు అంచున అన్ని దిక్కులకూ పోయే సన్నటి గీతలుంటాయి. ఇసుక కాగితంతో రుద్దిన నకలుకు గీతలన్నీ ఒకే దిక్కుకు పోతాయి. కళ్లు మూసుకుని వేలు అంచు చుట్టూ తిప్పితే కంటికి అందని చెక్కు తగులుతుంది. అతినీలలోహిత దీపం కింద మెరిసే ఆకుపచ్చ కనబడితే అందులో యురేనియం ఉన్నట్టు. అమెరికాలో 1943 నుంచి 1958 వరకు యురేనియం ప్రభుత్వ నియంత్రణలో ఉంది కనుక ఆ మధ్యకాలపు గ్లాసు అని చెప్పి అలాంటిది అమ్మజూపితే ఆలోచించాలి.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది సీసం. 1969 నాటి ఐరోపా నిబంధన ప్రకారం సీసం ఆక్సైడు 24 శాతం ఉంటే లెడ్ క్రిస్టల్, 30 శాతం ఉంటే ఫుల్ లెడ్ క్రిస్టల్. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ గ్రాజియానో, కాన్రాడ్ బ్లమ్ 1991లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, క్రిస్టల్ డికాంటర్లలో నెలల తరబడి నిల్వ ఉంచిన పోర్ట్ వైన్‌లోకి సీసం లీటరుకు వేల మైక్రోగ్రాముల మేర దిగింది. ఒక పూట విందుకు పోసి తాగడం వేరు, డికాంటర్‌లో నిల్వ ఉంచడం వేరు. రెండోది రంగుల బొమ్మలు. ఆ కాలపు రంగుల్లో, ముఖ్యంగా ఎరుపు, పసుపుల్లో సీసం, కాడ్మియం వాడారు. ఇది పాత సమస్యే అనుకోవడానికి లేదు, 2010లో మెక్‌డొనాల్డ్స్ ష్రెక్ బొమ్మల గ్లాసులు కోటీ ఇరవై లక్షలు కాడ్మియం కారణంగానే వెనక్కి తీసుకుంది. బొమ్మ అంచు దాకా ఉన్న గ్లాసునూ, రంగు రాలుతున్న గ్లాసునూ అల్మారాలో చూసుకోవడమే మేలు. పిల్లలకు అసలివ్వకూడదు.

డిష్‌వాషర్ ఈ సామానుకు శత్రువు. దాని ఘాటు సబ్బు, వేడి కలిసి బంగారు పూతను కొద్ది వాడకాల్లోనే తినేస్తాయి, పైరెక్స్ రంగును సున్నం కొట్టినట్టు చేస్తాయి. సింకులో అడుగున గుడ్డ పరిచి, గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి స్పాంజితో ఒక్కొక్కటే కడగాలి. ఒకదాంట్లో ఒకటి పెట్టిన గ్లాసులు బిగుసుకుపోతే మెలితిప్పి లాగకూడదు. లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటి గ్లాసును గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే రెండు నిమిషాల్లో వాటంతటవే వదులవుతాయి.